బంజరు సూసొస్తాను

వాన మొదలైతే నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు. ఇంట్లో ఎవరున్నారు, బయట ఎవరున్నారు, బయటున్నవాళ్ళు ఏ దారిన రావాలి అని మనసులో లెక్క మొదలవుతుంది. మలాయి దేశంలో, ఈ ఇపో ఊళ్ళో మా ఇల్లు ఎత్తు మీద ఉంది. పెంకుల కప్పు, సిమెంటు గోడలు, వీధికి రెండు పక్కలా లోతైన కాలవలు. ఆ కాలవలు పొంగడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. అయినా ఉరుము వినపడగానే లేచివెళ్ళి గుమ్మంలో నిలబడతాను. మా కోడలు "అత్తమ్మ డ్యూటీ ఎక్కినాది" అని నవ్వుతుంది. నవ్వనీ. ఒక మనిషి కోసం గుమ్మంలో నిలబడి పొద్దు గడపాల్సిన అవసరం ఆ పిల్లకి ఎప్పుడూ రాలేదు. అది నీ అదృష్టమే తల్లీ అని నేను ఆమెతో అనలేదు. అంటే ఇంకో గంట నవ్వుతుంది.

మొన్న మా మేనల్లుడు, అంటే మా తమ్ముడి కొడుకు, నన్ను కారులో సుంగై సుమున్ వైపు తీసుకెళ్ళాడు. వాడు చాలా ఏళ్ళు ఏదో చలిదేశంలో ఉద్యోగం చేసి వచ్చినవాడు. తండ్రి పోయాక, ఆయన పుట్టిన చోటు చూడాలని బుద్ధి పుట్టింది. చూడడానికి అక్కడేముంది? మా చిన్నప్పుడు కొబ్బరితోట. ఇప్పుడు పామాయిల్ చెట్లు, మధ్యలో తారురోడ్డు. కూలీల లైన్లు ఉన్నది ఇక్కడే అని నేను వేలు చూపించిన చోటల్లా వాడు ఫోటో తీసుకున్నాడు. నేను చూపించింది సరైన చోటేనని నాకే నమ్మకం లేదు. అంతలో సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. పరుగున వచ్చి కారెక్కాం. అద్దాల మీద వాన దబదబా పడుతుంటే నేను "ఇంక పోదాం, ఇంక పోదాం" అని వాడి ప్రాణం తీశాను. నన్ను మాటల్లో పెట్టడానికి వాడు, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర "లా" తగిలిస్తూ, తన చలిదేశం సంగతి ఎత్తుకున్నాడు.

"అత్తా, ఆ ఊర్లో స్నో పడితే ఇల్లు దాటనేము లా. ఇస్కూలు నేదు, పని నేదు. అందరం ఒక్క గదిలో కూకోని సూపు తాగుతా కతలు సెప్పుకుంటాము. సానా బాగుంటాది. మీ సిన్నప్పుడు అలాటిది ఏటైనా ఉన్నాదా?"

ఉంది నాయనా. వాడికి కారులో సగమే చెప్పాను. వాన చప్పుడు నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. మిగతా సగం కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా పెద్దవాళ్ళు ఆ నెలల్ని "సలి రోజులు" అనేవారు. వాళ్ళు విడిచి వచ్చిన పల్లె విజయనగరం దాటి చాలా దూరం వెళ్ళాక కొండల కింద ఉంది. అక్కడ పుష్యమాసం వస్తుంటే మంచు కురుస్తుంది, వీధిలో చలిమంటలు వేసుకుంటారు. ఇక్కడ అవే నెలల్లో వాన. చలి అన్నమాటే లేదు, ఒళ్ళంతా జిగట. అయినా పేరు మాత్రం మార్చలేదు. చెమట తుడుచుకుంటూనే "సలి రోజులొచ్చేసినాయి, కట్టెలు లోపలెట్టుకోండి" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. మా అమ్మ పైడమ్మ కొబ్బరిడొక్కలు ఏరి మంచం కింద దాచేది. మాకున్నది ఒకే గది, ముందు చిన్న వసారా. అలాంటి గదులు వరసగా ఉన్న పొడవాటి షెడ్డునే లైను అనేవాళ్ళం. నేలకు ఎత్తుగా మొద్దుల మీద కట్టినది, పైన తాటాకులాంటి ఆకుల కప్పు. వాన ఆ కప్పు మీద పడితే చప్పుడు మెత్తగా, ఎవరో చాపలు దులుపుతున్నట్టు ఉండేది. నాకు నిద్ర పట్టాలంటే ఇప్పటికీ ఆ చప్పుడే కావాలి. దొరకదు.

పని ఆగిపోయిన రోజుల్లో లైనంతా మా వసారాలోనే ఉండేది. అమ్మ కర్రపెండలం ఉడకబెట్టి, కొబ్బరి, ఎండుమిరపకాయలు కలిపి నూరేది. ఎండు నెత్తళ్ళు నిప్పుల మీద కాలేవి. పొయ్యి పైన దండెం మీద తడిబట్టలు ఆరేసేవారు కాబట్టి మా ఒంటికీ, బట్టలకీ, అన్నానికీ కూడా పొగ, చేప కలిసిన ఒకటే వాసన. పక్కగది సూరమ్మ పిన్ని చుట్ట అడ్డపొగ కాల్చేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఎంత వానలోనైనా ఆమె చుట్ట ఆరదు. నోట్లో నిప్పుతోనే దెయ్యాల కథలు చెప్పేది. మేం కథ వినడం మానేసి, ఆమె నాలుక ఎప్పుడు కాలుతుందా అని నోటివంకే చూసేవాళ్ళం. ఒక్కసారీ కాలలేదు. చెప్పుకుంటే సంబరంగానే ఉంటుంది. కానీ కథ మంచి పట్టులో ఉండగా పిన్ని ఉన్నట్టుండి ఆగిపోయి చెవి ఒగ్గేది. ఆమె ఆగితే అందరూ ఆగేవారు.

ఎందుకంటే మా తోట సముద్రం కంటే పల్లంలో ఉంది. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు ఏటిలోకి ఎదురెక్కి వస్తాయి. వాటిని ఆపేది మట్టిగట్టు ఒక్కటే. గట్టుకి గండి పడితే అక్కడ రేకుడబ్బా మోగిస్తారు. పెద్దవాళ్ళ చెవులు ఎప్పుడూ ఆ డబ్బా కోసమే. నవ్వుతున్నా, తింటున్నా, తల దువ్వుకుంటున్నా వాళ్ళ మనసు సగం గట్టు మీదే ఉండేది. వాన పెరిగితే మగవాళ్ళు పారలు భుజాన వేసుకుని గట్టుకి మట్టి వెయ్యడానికి వెళ్ళేవారు. మా నాయన అలా ఇల్లు దాటాడా, ఆయన వెనక్కి వచ్చేదాకా అమ్మ చేసిన పనే మళ్ళీ చేసేది. కడిగిన గిన్నె కడిగేది. ఊడ్చిన గది ఊడ్చేది. మా తమ్ముడు అప్పటికి పాలుతాగే పిల్లాడు. వాడికి తుడిచిన ముక్కే తుడిచి ఏడిపించేది.

అలాంటి రోజుల్లోకి మా తాత వచ్చాడు. మా అమ్మని కన్న తండ్రి, అప్పన్న. అమ్మమ్మ పోయాక పల్లెలో ఆయనకు అన్నం వండేవాళ్ళు లేరని తెలిసి, ఊరికి వెళ్ళే మనుషులందరి కాళ్ళూ పట్టుకున్నంత పని చేసి అమ్మే ఆయన్ని రప్పించింది. ఓడ దిగి వచ్చేసరికి ఆయన ఒంటి మీద ఒక పంచె, తలగుడ్డ, భుజాన ఇంత మందాన నల్లకంబళి. "అయ్యా, ఇక్కడ సలి నేదు" అని అమ్మ చెబితే, "నేకేటి, ఇయ్యి సలి రోజులు కావేటి?" అన్నాడు. మేమందరం ఉక్కపోతకి విసురుకుంటుంటే ఆయన ఆ కంబళి కప్పుకుని వసారా మూల కూర్చునేవాడు. చూసేవాళ్ళకి చెమట పట్టేది, ఆయనకి పట్టేది కాదు.

మలాయి మాట, అరవ మాట ఒక్కటి కూడా నేర్చుకోనన్నాడు. "ఈ వయసులో నా నోరు తిరగదు" అని ఊరుకునేవాడు. రోజూ పొద్దున్నే తోట చివర టీ అంగడికి వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడు. అక్కడ ఎవరేం మాట్లాడుకుంటున్నా అర్థమైనట్టే తలాడించేవాడు. ఆయనకి కావలసింది ఒకటే, భూమి. పల్లెలో కొండ కింద ఒక బంజరు ముక్కలో రాళ్ళు ఏరి, తుప్పలు కొట్టి, ఏళ్ళతరబడి చాకిరీ చేసి దాన్ని చోళ్ళు, అంటే రాగులు, పండే చేను చేశాడట. పంట చేతికొచ్చిన ఏడే భూస్వామి మనుషులు వచ్చి మాదన్నారట. చిన్నప్పుడు మా అమ్మ కూడా తట్ట పట్టుకుని ఆ రాళ్ళు ఏరిందే. అందుకని తాతకి "బంజరు" అంటే పాడుభూమి కాదు. ఎవరిదీ కానిది, చాకిరీ చేసినవాడిది అయ్యేది. వచ్చిన నాటి నుంచి నాయన్ని అదే అడిగేవాడు.

"అల్లుడా, ఈ దేశంలో బంజర్లు నేవా?"

"ఇక్కడంతా దొరదే మావా."

"అంతా దొరదెలాగవుతాది? సూడకుండా సెప్తన్నావు."

నాయన నవ్వి పారెత్తుకుని పోయేవాడు. దాంతో తాతకి అల్లుడి మీద చిన్న అనుమానం పట్టుకుంది. ఈ అబ్బాయికి ఎక్కడో బంజరు సంగతి తెలుసు, మనకి చెప్పడం లేదు అని. ఇది తర్వాత ఆయనే చెప్పాడు.

ఆ రోజు పొద్దున వాన కొంచెం తెరిపిచ్చింది. మగవాళ్ళందరినీ గట్టుకి పిలిచారు. నాయన గంజి తాగి వెళ్ళిపోయాడు. తాత ఎప్పట్లాగే అంగడికి వెళ్ళాడు. కాసేపటికి ఏటి దిగువ నుంచి మలాయి మనుషులు పరుగెత్తుకుంటూ అంగడి ముందుకు వచ్చారట. వచ్చి, చేతులు సముద్రం వైపు చాపి, "బంజిర్! బంజిర్! సానా, సానా!" అని కేకలు పెట్టారట. మలాయిలో బంజిర్ అంటే వరద. సానా అంటే అదిగో అక్కడ. దిగువ గట్టు తెగింది, వరద అటునుంచి వస్తోంది అని వాళ్ళ గోల. తాత చెవికి పడింది వేరు. బంజరు, బంజరు, సానా, సానా! మా వాళ్ళ మాటలో సానా అంటే చాలా. కావలసినంత బంజరు ఉందని వీళ్ళు కేకలేస్తున్నారు. ఆ కేకలు వినగానే తోటలో మిగిలిన మగవాళ్ళు కూడా పారలు తీసుకుని అటే పరుగెత్తారు. భూమి పట్టుకోవడానికి తప్ప పార పట్టుకుని మనిషి అలా ఎందుకు పరుగెడతాడు? పైగా తన అల్లుడు పొద్దున్నే, తనతో ఒక్క మాట చెప్పకుండా, పార భుజాన వేసుకుని అటే వెళ్ళాడు. తాతకి అంతా తేటతెల్లమైపోయింది.

ఆయన ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. తడిడొక్కలు రాజుకోక గదంతా పొగ. తమ్ముడు ఏడుస్తున్నాడు, నేను వాణ్ణి ఆడిస్తున్నాను. తాత గుమ్మంలోనే నిలబడి, గొంతులో ఎప్పుడూ లేని హుషారుతో చెప్పాడు.

"పైడీ, నాను బంజరు సూసొస్తాను."

అమ్మ వెనక్కి తిరగలేదు. ఊదుగొట్టం నోటి దగ్గర నుంచి తీసి, "సూడు గానీ దూరం ఎల్లకయ్యా, కాలు జారతాది" అంది.

"దూరమేటి, అల్లుడున్న కాడికే."

అమ్మకి వినపడింది బంజిర్. వరదొస్తే గట్టు మీద నిలబడి చూడడం ముసలాళ్ళందరికీ ఒక సరదా. ఆయన కూడా చూసి వస్తాడు, అల్లుడు పక్కనే ఉంటాడు అనుకుంది. అమ్మ ఈ దేశానికి కొత్త పెళ్ళికూతురుగా వచ్చింది. చేపలమ్మే మలాయి ఆడవాళ్ళ దగ్గర మాట నేర్చుకుంది. ఎన్నో సలి రోజులు ఇక్కడే గడిపింది. వరద అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడేవాళ్ళం కాదు. నేను పుట్టినప్పటి నుంచి విన్నది బంజిర్ ఒక్కటే. కారులో ఈ సంగతి చెబుతుంటే మా మేనల్లుడు "రెండూ ఒకటే కదా లా?" అన్నాడు. వాడి తప్పేముంది. తట్టతో బంజరు రాళ్ళు మోసిన మా అమ్మకే ఆ పూట రెండూ ఒకటిగా వినపడ్డాయి.

మధ్యాహ్నం దాటాక నాయన తల నుంచి కాళ్ళ దాకా బురదతో వచ్చాడు. నాలుగు ముద్దలు తిని మళ్ళీ వెళ్ళాలి, దిగువ గట్టు చాలామేర పోయింది అన్నాడు. పళ్ళెం ముందు కూర్చుంటూ, "మావేడీ?" అని అడిగాడు.

"బంజిర్ సూడ్డానికి ఎల్నాడు. నీ కాడ నేడా?"

"నా కాడ ఎక్కడున్నాడు? గట్టు మీద ముసలోల్లని ఎవుర్నీ ఉండనివ్వనేదు."

సూరమ్మ పిన్ని వసారాలోంచే మాట కలిపింది. "నాను సూసినాను బావా. పెరట్లో కూకోని నాలుగు కర్రలు మొన తేల్చి సెక్కినాడు. తలగుడ్డ సించి కర్ర కర్రకీ కట్టినాడు. ఏటి మావా అంటే పనున్నాది అన్నాడు. అయ్యి సంకనెట్టుకొని, కంబళి కప్పుకొని ఎల్పోనాడు."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వరద చూడ్డానికి కర్రలెందుకు? తలగుడ్డ చింపడం ఎందుకు? వాళ్ళ పల్లెలో బంజరు పట్టినవాడు నాలుగు మూలలా కర్రలు పాతి, తన ఒంటి మీది గుడ్డ చింపి వాటికి కడతాడు. ఆ గుడ్డ చూసి ఇది ఫలానావాడిదని మిగతావాళ్ళు దాటిపోతారు. చిన్నప్పుడు ఆ ముడులు వేసింది కూడా తనేనని అమ్మ తర్వాత ఎప్పుడో చెప్పింది. అప్పుడు మాత్రం ఒక్క మాటే అంది.

"ఆయన సెప్పింది బంజిర్ కాదు. బంజరు."

నాయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పళ్ళెం పక్కకి తోసి లేచాడు. ఆ దిగువంతా నీళ్ళే, ఎక్కడని వెతకను, ఎటు వెళ్ళాడో అని ఆయన గొణుక్కుంటుంటే అమ్మ కళ్ళు మూసుకుని నిలబడింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. భయపడిందనుకున్నాను. భయపడింది నిజమే, కానీ ఆ భయంలోనే తండ్రి బుర్రలోకి దూరి ఆయన నడిచినట్టు నడుస్తోంది.

"మెట్ట ఎక్కడుందో అక్కడ సూడు. మాయయ్య పల్లంలో కర్ర పాతడు. నీరు నిలవని సోటు కావాల ఆయనికి."

ఆ చదునుభూమిలో మెట్ట అనదగ్గది ఒక్కటే ఉంది. కొబ్బరి ఎండబెట్టే పాత బట్టీ కూలిపోయి దిబ్బగా మారింది, ఏటి దిగువన. నాయన పరుగెత్తాడు. చేపలు పట్టే పాక్ మాట్ అనే మలాయి ఆయనకి పడవ ఉంది, నాయనతో మంచి స్నేహం. ఇద్దరూ ఆ పడవలో వెళ్ళారని ఎవరో వచ్చి చెప్పారు.

వాళ్ళు వెళ్ళగానే వాన మళ్ళీ అందుకుంది. లైను ముందు కాలవ పొంగి మెట్టు కింద దాకా నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళలో కొబ్బరికాయలు, గడ్డిమోపులు, బతికున్న కోడి ఒకటి డొక్క మీద కూర్చుని కొట్టుకుపోవడం చూశాను. మామూలుగా అయితే పిల్లలమంతా కేరింతలు కొట్టేవాళ్ళం. ఎవరూ నోరెత్తలేదు. అమ్మ పొయ్యి వెలిగించి అంబలి కాచడం మొదలుపెట్టింది. తాత ఊరి నుంచి మూటకట్టి తెచ్చిన చోడిపిండి, ఆయన పండగకి దాచుకున్నది, ఆయన్ని అడగకుండానే తీసింది. కలుపుతూ, చిక్కబడితే నీళ్ళు పోస్తూ, మళ్ళీ కలుపుతూ ఉంది. నేను తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, లోపల అమ్మ, తమ్ముడు, నేను, బయట నాయన, తాత, లోపల అమ్మ, తమ్ముడు, నేను అని వేళ్ళ మీద తిప్పుకుంటూ కూర్చున్నాను. వేళ్ళు ఆపితే వాళ్ళు రారని నమ్మకం. వాన పడితే ఇప్పటికీ వేళ్ళు వాటంతటవే కదులుతాయి.

సాయంత్రం కావస్తుండగా గట్టు నుంచి వచ్చిన ఒకతను మా వసారాలో తడిసి ముద్దైన నల్లమూట పడేశాడు. నీళ్ళల్లో కొట్టుకొస్తుంటే పట్టుకున్నాడట. అది తాత కంబళి. సూరమ్మ పిన్ని చుట్ట నోట్లోంచి తీసేసింది. నేను చూస్తుండగా ఆమె చుట్ట సగంలో పారేయడం అదే మొదలు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఒకామె ఏడుపు ఎత్తుకోబోయింది. అమ్మ ఆమెవైపు చూసిన చూపుకి ఆ ఏడుపు గొంతులోనే ఆగిపోయింది.

"సూరమ్మా, ఆ కొస పట్టుకో" అంది అమ్మ.

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని కంబళి పిండారు. ఎంత పిండినా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. దాన్ని తీసుకెళ్ళి పొయ్యి పైన దండెం మీద ఆరేసింది. ఆ బరువుకి దండెం వంగిపోయింది. తడి ఉన్ని వాసన గదంతా నిండిపోయింది, పాత మేకలదొడ్డి వాసన. "రాగానే సలంటాడు" అంది అమ్మ, ఎవరితోనో కాదు, పొయ్యితో. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవకపోవడం చూసి వచ్చింది.

ఇప్పుడు వాన రెండు రోజుల ముందే టీవీలో వస్తుంది. మా కోడలు ఆఫీసు నుంచి బయల్దేరగానే ఫోను, మధ్యలో ఫోను, వీధి మలుపులో ఫోను. మా మేనల్లుడి చలిదేశంలో మంచు పడితే తలుపు మూసుకుని హాయిగా కూర్చుంటారట. కూర్చోవచ్చు, అందరూ లోపలే ఉంటే. మా సలి రోజుల్లో ఎవరో ఒకరు బయటే ఉండేవారు. అందుకేనేమో ఆ పొగగదిలో అందరం చేరిన రోజులు నాకు అంత తీపిగా గుర్తున్నాయి. ఆ తీపిని భయం నుంచి విడదీసి వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు.

దీపం పెట్టే వేళకి పడవ మా మెట్టు దగ్గరికే వచ్చింది. ముందు పాక్ మాట్, వెనక నాయన, మధ్యలో తాత. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి, చంకలో నాలుగు కర్రలు. దిబ్బ చుట్టూ నీళ్ళు కమ్ముకుని, అంత చిన్న చోటే మిగిలి ఉందట. తాత నాలుగు మూలలా కర్రలు పాతుకుని మధ్యలో కూర్చుని ఉన్నాడట. కంబళి బరువెక్కిందని కింద పెడితే నీళ్ళు పట్టుకుపోయాయి, అది కూడా పట్టించుకోలేదు. పడవ ఎక్కమంటే, "నానెల్తే ఇంకోడు పాతేస్తాడు" అని కదలలేదట. నాయన బతిమాలాడు, తిట్టాడు, చెయ్యి పట్టుకు లాగాడు. నీళ్ళు పాదాలకి తగులుతున్నాయి. చివరికి ఆ తెలుగు ముక్క రాని పాక్ మాట్ దిగి, ఒక కర్ర పీకి పడవలో పెట్టాడట. తాత దాన్ని లాక్కోవడానికి పడవలోకి ఎక్కాడు. ఎక్కగానే నాయన మిగతా మూడూ పీకి పడవని తోసేశాడు.

తాత వసారా ఎక్కుతూనే, "పైడీ, దొరికినాది. మంచి మెట్ట. రాయి కూడా తక్కువే" అన్నాడు.

అందరూ నాయనవైపు చూశారు. నాయన అమ్మ చెవిలో ఇవాళ్టికి చెప్పకు అన్నాడు. అమ్మ ముందు తాత తల తుడిచింది. పొడిపంచె ఇచ్చింది. అంబలి గిన్నె ఆయన రెండు చేతుల్లో పెట్టి, ఆయన సగం తాగేదాకా ఆగింది. అప్పుడు ఆయన ఎదురుగా కింద కూర్చుని చెప్పింది. ఈ దేశంలో బంజిర్ అంటే వరద అని, సానా అంటే అక్కడ అని, ఆ మనుషులు పారిపొమ్మని అరిచారని. తాత గిన్నె కింద పెట్టలేదు. అందులోకే చూస్తూ విన్నాడు. విన్నాక అడిగాడు.

"మరి మన బంజర్ని ఈల్లేటంటారు?"

అమ్మకి తెలియదు. నాయనవైపు చూసింది, ఆయనకీ తెలియదు. "దానికిక్కడ మాట నాకు తెలదయ్యా. ఎప్పుడూ అవసరం రానేదు" అంది. మళ్ళీ తనే అంది. "నువ్వు బంజరు అని సెప్పినావు. నాను రాళ్ళు ఏరినదాన్నే. నాకు నీ మాట ఇనబడనేదయ్యా. ఈల్ల మాటే ఇనబడినాది."

"ఇనబడకేటి? దూరం ఎల్లకు అన్నావు కాదా. నానేటి దూరం ఎల్నేదు" అన్నాడు తాత. కూతుర్ని ఓదార్చడానికే అన్నాడు. మిగిలిన అంబలి తాగి గిన్నె కింద పెట్టాడు.

సూరమ్మ పిన్ని ఇంకో చుట్ట ముట్టించుకుంది. తాత నన్ను దగ్గరికి పిలిచాడు. ఇన్ని నెలలు ఒక్క ముక్క కూడా నేర్చుకోనని భీష్మించుకున్న మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి, "గుంటా, ఈల్ల మాటలు నాకు సెప్పు. ముందు కూతుర్నేటంటారో సెప్పు" అన్నాడు.

మలాయిలో కొడుకైనా కూతురైనా బిడ్డని అనక్ అంటారు. ఆ చివరి అక్షరం వాళ్ళు గొంతులోనే మింగేస్తారు. నేనూ వాళ్ళలాగే మింగి చెప్పాను. తాత చెవికి అది "ఆనక" అని పడింది. మా వాళ్ళ మాటలో తర్వాత అని.

"ఆనకెందుకే? ఇప్పుడే సెప్పు."

నాయన మొహం తిప్పుకుని నవ్వాడు. పాక్ మాట్ ఏమీ తెలియకపోయినా నాయన్ని చూసి నవ్వాడు. అమ్మ నవ్వలేదు. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది. తండ్రి మోకాలి మీద తల పెట్టుకుని, తలెత్తకుండానే చెప్పింది.

"పైడీ అని పిలు అయ్యా. అది నాకు ఇనబడతాది."